టార్చి ఆర్పు, కూత విను

“టార్చి పైకెత్తినావంటే నీకూ నాకూ చెడతాది. నేల మీద వెయ్యి. కసువు ఊడ్చినట్టు అట్ల పక్కకు పోనీ.”

అడవిలో చిన్నాయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇది. 1987 శివరాత్రి. పొద్దు గుంకి ఇంకా అరగంట కాలేదు. నాకు పదేళ్ళు. చేతిలో అయిదు బ్యాటరీల టార్చి, రెండు చేతులా పట్టుకున్నా మణికట్లు లాగుతున్నాయి. ముందు చిన్నాయన, వెనక నేను, ఎడమ పక్క చీకటి కన్నా నల్లగా లంకమల కొండ.

కసువు ఊడ్చినట్టే వేశాను. నేలంతా గాజుపెంకుల పొడి చల్లినట్టు మిలమిల మెరిసింది. మంచు అనుకున్నాను. “సాలెపురుగులు” అన్నాడు. ఒక్కో మెరుపూ ఒక్కో సాలెపురుగు కన్నట. నమ్మబుద్ధి కాక ఒక మెరుపు దగ్గరికి వంగి వంగి పోయాను. నిజమే. ఎండుగడ్డి పోచ మీద గోరంత పురుగు, వెలుతురుకు జడిసి కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

అడవిలో రాత్రిపూట మనుషులను గొంతును బట్టి, జంతువులను కళ్ళను బట్టి గుర్తుపట్టాలని ఆ రాత్రే తెలిసింది. కుందేలు కన్ను ఎర్రగా ఉంటుంది. అది తలను పక్కకు తిప్పి చూస్తుంది కాబట్టి మనకు ఒక్కటే కనబడుతుంది. నక్కవి పసుపు కలిసిన ఆకుపచ్చ, రెండూ మన వైపే ఉంటాయి, ఆరిపోయి మళ్ళీ ఇంకోచోట వెలుగుతాయి. బండిబాట మధ్యలో పొయ్యిలో మిగిలిన నిప్పుకణిక మాదిరి కనిపిస్తే అది ఒక పిట్ట. దగ్గరికి పోయేదాకా కదలదు, కాలు పడబోతుందనగా చప్పుడు లేకుండా లేచిపోతుంది. దాన్ని చిన్నాయన బాటపిట్ట అనేవాడు. నైట్‌జార్ అని నేను పుస్తకంలో చదువుకున్నది కాలేజీకి పోయాకే.

“మనం వెతికేదాని కండ్లు ఎట్లుంటాయి చిన్నాయనా?”

“చెప్తే నువ్వు అదే చూస్తావు. చెప్పను. నడువు.”

మేం వెతుకుతున్నది కలివికోడిని.

అంతకు ఏడాది ముందు, 1986 జనవరి రెండో వారంలో, మా ఊరికి రెండు పల్లెల అవతల రెడ్డిపల్లె దగ్గర ఒకాయన ఆ పిట్టను చేత్తో పట్టుకున్నాడు. ఆ రాత్రి కథను మా రచ్చబండ మీద వందసార్లు విన్నాను. చెప్పినవాళ్ళందరూ అక్కడ ఉన్నట్టే చెప్పారు. ఒకరి కథలో పిట్ట ఎగిరింది, ఇంకొకరి కథలో ఆయన చొక్కా విసిరి పట్టాడు. అందరి మాటల్లోనూ కలిసేది మాత్రం ఇంతే. అమావాస్య పోయి రెండు మూడు రోజులయింది. చలి. ఆయన టార్చి తీసుకుని వేటకు పోయాడు. వెలుతురు పొదల మధ్య ఖాళీలో నిలబడ్డ ఒక పిట్ట మీద పడింది. అది పారిపోలేదు, వెలుతురులో అట్లనే నిలబడింది. ఆయన టార్చి దాని మీద నుంచి తిప్పకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ పోయి పట్టేశాడు.

మామూలుగా అయితే ఆ కథ అక్కడితో, రాత్రి పొయ్యి దగ్గర ముగిసిపోయేది. ఆ రాత్రి ముగియలేదు. కారణం, అంతకు కొన్ని నెలలుగా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ అనే కుర్ర పరిశోధకుడు మా వైపు పల్లెలన్నీ తిరుగుతున్నాడు. చేతిలో పిట్ట బొమ్మ. కనబడిన వేటగాణ్ణి, గొర్రెల కాపరిని, కట్టెలు కొట్టేవాణ్ణి ఆపి, ఇది ఎక్కడైనా చూశారా అని అడుగుతున్నాడు. ఆ బొమ్మ గుర్తుంది కాబట్టి రెడ్డిపల్లె ఆయన పిట్ట మెడ విరవలేదు. ప్రాణంతో ఇంటికి తెచ్చాడు, కబురు పోయింది, భూషణ్ పరుగున వచ్చాడు. పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. దాన్ని ముంబైలో సొసైటీ సేకరణలో భద్రపరిచారు. కానీ వార్త మాత్రం ప్రపంచమంతా పాకింది. ఎందుకంటే 1900 తర్వాత ఆ పిట్టను చూశామని నికరంగా చెప్పగలిగినవాళ్ళు శాస్త్రలోకంలో ఒక్కరూ లేరు. 86 ఏళ్ళు. అంతరించిపోయినట్టేనని రాసేసుకున్నారు కూడా.

మా చిన్నాయన ఆ బొమ్మను టీ అంగడి దగ్గర చూశాడు. చూసి అన్న మాట మా ఇంట్లో సామెతయింది. “ఇదా? దీనికా ఇన్ని జీపులు?”

ఈ పిట్టకు ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అని పేరు. థామస్ జెర్డాన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. జ్వరాలకు మందివ్వడం కన్నా పురుగూ పిట్టా వెంట తిరగడం మీదే ఆయనకు మనసెక్కువ అనిపిస్తుంది నాకు. అక్కడి యానాదులను కూర్చోబెట్టుకుని ఏ ప్రాణికి ఏ పేరో, ఏది ఎక్కడ ఉంటుందో అడిగి రాసుకునేవాడు. ఆయన పంపిన నమూనాను చూసి 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. ఆ తర్వాత పెన్నా, గోదావరి పరీవాహకాల్లో ఎవరో ఒకరు అరుదుగా చూస్తూనే వచ్చారు. చివరిగా 1900లో అనంతపురం ప్రాంతంలో హోవర్డ్ క్యాంప్‌బెల్. ఆపైన ఏమీ లేదు. 1970లలో బొంబాయి సొసైటీ, అమెరికా స్మిత్సోనియన్ సంస్థ కలిసి గాలించినా దొరకలేదు. పక్షులంటే సలీం అలీ, సలీం అలీ అంటే పక్షులు అనుకునే రోజులవి. అంతటి సలీం అలీకీ ఇది దొరకలేదు. దొరికిందన్న కబురు వినేసరికి ఆయనకు 89 ఏళ్ళు. ఏడాదిన్నర తర్వాత, 1987 జూన్‌లో పోయారు. ఆ కబురు విని పోయారు కదా అని మా వైపు వాళ్ళం ఇప్పటికీ కాస్త గర్వంగా చెప్పుకుంటాం.

ఇంతమంది ఇంతకాలం వెతికినా ఎందుకు దొరకలేదు? వెతికినవాళ్ళు చాలావరకు పగలు వెతికారు. అది తిరిగేది రాత్రి. దాని మొహంలో ముందు కనబడేవే ఆ పెద్ద కళ్ళు. అయినా దొరల పుస్తకాల్లో ఇది రాత్రి పిట్ట అన్న మాట లేకపోయింది. అదే పుస్తకాల్లో దీని తెలుగు పేరు మాత్రం ఉంది, అడవి ఉతతిత్తి అని. పేరుందంటే ఆ పేరు చెప్పిన మనిషి ఉన్నాడన్నమాట. పేరు రాసుకున్నవాళ్ళు ఆ మనిషిని ఇంకో ప్రశ్న అడిగి ఉంటే, అది ఏ పొద్దులో తిరుగుతుంది నాయనా అని అడిగి ఉంటే, ఆ 86 ఏళ్ళలో సగమైనా తగ్గేవని నా నమ్మకం.

సరే, శివరాత్రి దగ్గరికి వస్తాను.

పొద్దున్నే మా జేజి ఒక్కపొద్దు. పిల్లలం కూడా జాగారం చేస్తామని గోల. చిన్నాయన మధ్యాహ్నం నుంచీ టార్చికి కొత్త బ్యాటరీలు వేసి, తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ వేస్తున్నాడు. జేజి కనిపెట్టింది.

“శివరాత్రి పూట వేటకు పోతావంట్రా? నువ్వేమన్నా తిన్నడివా, సామి వచ్చి మోక్షమిచ్చేదానికి?”

“వేటకు కాదుమా. వల తీసకపోలే, చూడు. ఈ పిల్లోనికి ఒక పిట్టను చూపిచ్చి వస్తా. జాగారం యాడ చేసినా జాగారమే గదా.”

వల లేకుండా చిన్నాయన రాత్రిపూట అడవికి పోవడం అదే మొదటిసారని జేజికి తెలుసు. ఇంకేమీ అనలేదు. నా తలకు తువ్వాలు కట్టి, చెవుల మీదికి లాగింది.

మేం పోయిన చోటు కొండ కాదు. కొండకు కిందుగా, చేలకు పైగా ఉండే కంపచెట్ల నేల. చండ్ర, రేగు, బలుసు, కలివి. కలివిపొదలు నడుమెత్తు ఉంటాయి, కొమ్మ కొమ్మకూ ముల్లు. ఎండాకాలంలో నల్లగా మాగిన కాయలు తింటే పాలు అంటుకుని పెదాలు జిగట జిగటగా ఉంటాయి. ఆ పొదల మాటున తిరిగే కోడి కనక కలివికోడి. కోడి అన్నమాటే గానీ జానెడు పిట్ట. పొదకూ పొదకూ మధ్య నున్నగా బోడినేల ఉండాలి దానికి, పరుగెత్తడానికి. మరీ చిక్కగా పెరిగినా ఉండదు, మరీ నరికేసినా ఉండదు. తర్వాతి కాలంలో పరిశోధకులు పొదలు లెక్కబెట్టి తేల్చిన సంగతి కూడా ఇదే. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోట అది ఎక్కువగా ఉంటుందట. చిన్నాయన లెక్క వేరు. “మేక దూరేంత సందు ఉండల్ల, ఆవు దూరకూడదు.”

ఒక బోడినేల అంచున కూర్చోబెట్టాడు. “టార్చి ఆర్పు.”

ఆర్పాను. కళ్ళ ముందు కాసేపు పచ్చటి మరకలు తేలి, పోయాయి. ముందు దూరం చప్పుళ్ళు వినిపించాయి. పల్లెలో గుడి దగ్గర భజన, ఎవరిదో బండి. అవి అలవాటయ్యాక దగ్గరివి. ఎండుటాకు కింద ఏదో పురుగు. పైడికంటి ఒకటి తగాదాకు దిగినట్టు అరిచి ఊరుకుంది. ఎక్కడో తీతువు. నాకు తీతువంటే భయం, అది ఇంటి మీద అరిస్తే చావు కబురని జేజి చెప్పేది. చిన్నాయన నా వీపు మీద చెయ్యి వేశాడు. “అది దాని పిల్లల కోసరం అరుచ్చాంది. మనల్ని కాదు.”

చుక్కలు బాగా తేలాయి. పొద్దు గుంకి ముప్పావుగంట అయి ఉంటుంది. చిన్నాయన చెయ్యి ఉన్నట్టుండి బిగిసింది.

రెండు ముక్కల కూత. ట్విక్కూ. మళ్ళీ ట్విక్కూ. గట్టిగా లేదు, దూరంగా లేదు. ఎవరో పిల్లాణ్ణి గుసగుసగా పిలిచినట్టు. ఇంకో వైపు నుంచి ఇంకొకటి బదులిచ్చింది. నేను నోరు తెరవబోతే చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. అతని అరచేతికి చుట్టపొగ వాసన. పది నిమిషాలో, పావుగంటో, అంతే. కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది.

“ఇంక తెల్లారేదాకా పెద్దగా కూయదు. లెయ్యి. టార్చి నేలకు వెయ్యి.”

మూడోసారి ఊడ్చినప్పుడు పడింది. కలివిపొద మొదట్లో, బోడినేల మొదలయ్యే చోట, రెండు కళ్ళు. వాటి రంగు మీకు నేనూ చెప్పను. చెప్తే మీరు అదే చూస్తారు. కంటి మీద తెల్లగా, వెడల్పుగా కనుబొమ్మలాంటి గీత. పసుపు కలిసిన పల్చటి కాళ్ళు. మట్టిబొమ్మ మాదిరి నిలబడింది. నేను ఊపిరి వదిలేసరికి నాలుగడుగులు పరుగెత్తి మళ్ళీ నిలబడింది. పరుగులో తల కదల్లేదు, కాళ్ళు మాత్రమే కదిలాయి. నా చేతులు వణికాయి, వెలుతురు చెదిరింది, మళ్ళీ వేసేసరికి పొద ఒక్కటే ఉంది.

కలివికోడికి రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలుంటాయి, దాని ముఖ్యమైన గుర్తు అదే. ఆ రాత్రి పట్టీలు రెండా, ఒకటా నేను లెక్కబెట్టలేదు. కాబట్టి నేను చూసింది కలివికోడేనని ఈనాటికీ ప్రమాణం చేసి చెప్పలేను. చిన్నాయన మాత్రం ఒక్కసారి తలూపాడు.

తిరిగి వస్తుంటే చాలాసేపు మాట్లాడలేదు. వంక దాటాక, వెనక్కి తిరగకుండా అన్నాడు. “రెండు తిన్యా రా నేను. నాలుగైదేండ్ల కింద. వలలో కౌజులతో పాటు పన్యాయి. కూరలో తేడా తెలీలే. ఒకటి మీ నాయన కూడా తిన్యాడు.”

వేట నేరమని అప్పటికి మాకు తెలియదని రాస్తే అబద్ధమవుతుంది. 1972 నుంచీ చట్టం ఉంది, ఫారెస్టోళ్ళు వస్తారంటే వలలు దాచేవాళ్ళు. తెలియనిదల్లా తిన్నది ఏమిటో.

1988లో లంకమలను శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యం చేశారు. అదే ఏడు అక్టోబరులో తపాలా శాఖ కలివికోడి బొమ్మతో రూపాయి స్టాంపు వేసింది. చిన్నాయన సిద్ధవటం పోస్టాఫీసులో రెండు కొన్నాడు. ఒకటి నాకిచ్చి, ఇంకోటి జేజి పూజగూట్లో పెట్టాడు. వలలు ఎప్పుడు కాల్చాడో నేను చూడలేదు. తర్వాత వాటి ఊసు లేదు.

2000 తర్వాత పి. జగన్నాథన్, రైస్ గ్రీన్ వంటి పరిశోధకులు లంకమల కింద ఏళ్ళ తరబడి పనిచేశారు. రాత్రి తిరిగే పిట్టను వెతకడానికి వాళ్ళు చేసిన పని నాకెంతో నచ్చింది. పొదల మధ్య సన్నటి మన్ను పట్టీలుగా పరిచి, తెల్లారి పోయి అడుగుజాడలు చూసేవాళ్ళు. కలివికోడికి వెనక వేలు ఉండదు, మూడు వేళ్ళే ముద్ర పడతాయి. జాడ పడ్డచోట ఆటోమేటిక్ కెమెరా పెట్టేవాళ్ళు. అలాంటి పనికి మా చిన్నాయన కొన్నాళ్ళు కూలికి పోయాడు. మన్ను జల్లెడ పట్టి పోయడం ఆయన పని. కూతను కూడా ఆ రోజుల్లోనే మొదటిసారి రికార్డు చేశారు. ఎవరో కుర్రాడు టేపు వేసి వినిపిస్తే, చిన్నాయన వంగి, చెవి ఆనించి విని, లేచి నోటితో అదే కూత కూసి చూపించాడట. “నన్ను అడిగింటే అప్పుడే కూసి చూపిచ్చును గదప్పా” అన్నాడట. 1986లో ఆయనను బొమ్మ గుర్తుపట్టమన్నారు గానీ కూత ఎవరూ అడగలేదు.

ఇంతలో స్కాట్లండ్‌లో ఒక విచిత్రం. అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో 1917 నాటి గుడ్డు ఒకటి ఉంది, కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించినది. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే 2013లో అది కలివికోడి గుడ్డని తేలింది. ప్రపంచంలో మనకు తెలిసిన దాని గుడ్డు అదొక్కటే. మన నేల మీద మాత్రం ఇంతవరకూ గూడు చూసినవాళ్ళు లేరు.

నేల సంగతి అంటారా, ఏటేటా తగ్గింది. సోమశిల జలాశయంలో ఊళ్ళు మునిగాయి, అక్కడి జనం కొండ కింది నేలకు వచ్చారు. వాళ్ళకూ బతుకు కావాలి, వాళ్ళను తప్పుపట్టను. 2005లో తెలుగుగంగ కాలువ కోసం యంత్రాలు దిగి, పిట్ట ఉండే పొదలనే పెళ్ళగించాయి. గొడవయ్యాక కాలువ దారి మార్చారు. పెళ్ళగించిన చోట ఇప్పటికీ కంపే తప్ప కలివి సరిగా లేవలేదు, పోయినేడు చూసొచ్చాను. 2008 ప్రాంతాల తర్వాత అది కనబడిందని, వినబడిందని నికరమైన మాట ఎక్కడా రాలేదు. మళ్ళీ అంతరించిందనే మాట మొదలయింది.

2025 ఆగస్టులో కడప జిల్లాలో రాత్రిపూట వెతికిన ఒక పక్షి పరిశీలకుల బృందానికి దాని కూత దొరికింది. రికార్డు చేశారు. వినబడింది, కనబడలేదు.

అందుకని సిద్ధవటం, అట్లూరు, బద్వేలు వైపు పల్లెల్లో ఉండేవాళ్ళకు ఒక మాట. పొద్దు గుంకి ముప్పావుగంటకు కొండ కింద గొర్రెలు తోలుకొస్తూనో, నీళ్ళు కట్టడానికి పోతూనో రెండు ముక్కల కూత వింటే కాస్త నిలబడండి. దాని వెంట పడకండి, పట్టకండి, ఫోనులో కూత పెట్టి పిలవకండి. ఏ రోజు, ఏ వేళ, ఏ చేను గట్టున విన్నారో గుర్తుపెట్టుకుని ఫారెస్టు వాళ్ళకు చెప్పండి. టార్చి ఉంటే ఆర్పెయ్యండి.